నెస్టా కట్టిన ఆఖరి ఈగ

అస్క్ నది మీద ఏ పూట ఏ ఈగ లేస్తుందో ఆ ఈగకంటే ముందు గెథిన్‌కే తెలుస్తుందనేవాళ్లు మా వీధిలో. నీళ్ల మీద ఆవగింజంత పురుగు వాలితే, వంతెన మీంచే అది ఆడదో మగదో చెప్పేసేవాడు. చూడ్డం ఆయన వంతు. గాలానికి ఈకా, బొచ్చూ చుట్టి అచ్చం ఆ పురుగులా కట్టడం ఆయన భార్య నెస్టా వంతు. నలభై ఏళ్లు అదే కాపురం.

కిందటి అక్టోబరులో, నెస్టా జబ్బుతో మంచంలోనే కూర్చుని నల్లనీలం ఈగ ఒకటి కట్టింది. రెక్కలకు కాకి ఈక. తోక దగ్గర కొత్తగా ఎర్ర పట్టుదారం.

"ఈ ఎరుపేంటే? పెళ్లికెళ్తోందా ఇది?" అన్నాడు గెథిన్.

"నువ్వు పైనుంచి చూస్తావు. చేప కిందనుంచి చూస్తుంది."

"నదిలో నిలబడేది నేనా, నువ్వా? కళ్లు పోయాయి నీకు."

నెస్టా ఈగను అగ్గిపెట్టెలో పెట్టి, "మే నెలలో చేపనే అడుగు," అంది. క్రిస్మస్ రాకముందే పోయింది.

కళ్లు పోయాయని తానన్న మాట గెథిన్‌ను ముల్లులా గుచ్చుతూనే ఉంది. చలికాలమంతా ఆయన తాగకుండా చల్లార్చి పారబోసిన టీతో ఇంకో నది పారేది.

మేలో ఓ మధ్యాహ్నం ఈదురుగాలి, జల్లు. నల్లనీలం ఈగలకు అలాంటి పాడురోజే పండగ. నది నిండా లేచాయి. గెథిన్ ముందు తాను కట్టుకున్న వంకరటింకర ఈగ వేశాడు. ఎరుపు లేనిది. ఓ పెద్ద ట్రౌట్ చేప ఈగ దాకా వచ్చి, వెనక్కి తిరిగింది. మూడుసార్లు వేసినా అంతే.

పొరుగింటి ఓల్వెన్ కుక్కతో అటుగా వెళ్తూ ఆగింది. "ఏం బాబాయ్, చేప నీతో పలకడం మానేసిందా?"

"నోర్ముయ్యవే," అంటూనే అగ్గిపెట్టె తీశాడు. ఉన్నది ఒక్కటే. పోతే మళ్లీ కట్టే చేతుల్లేవు. వెయ్యకపోతే నెస్టా మాట నిజమో కాదో తెలియదు. వంకర ఈగను విప్పి, నెస్టా ఈగను దారానికి ముడేశాడు.

వేశాడు. నీటిని తాకిందో లేదో, చేప గుటుక్కున మింగింది.

పెద్ద చేప లాగినప్పుడు దారం వదలాలి, లేకపోతే తెగుతుంది. అస్క్ ఒడ్డున కుక్కలక్కూడా తెలుసు ఆ సంగతి. గెథిన్ వదల్లేదు. గాలపు కర్ర బిగించి పట్టుకుని, "ఒప్పుకున్నానే, ఎరుపే!" అని ఇంటివైపు తిరిగి కేకేశాడు. దారం పుటుక్కున తెగింది.

"అయ్యో బాబాయ్, గొర్రెపిల్లంత చేప!"

"చేపదేముందే. జవాబు దొరికింది. చెప్పడానికే మనిషి లేదు."

ఇప్పుడు గెథిన్ గాలం పట్టడు. రోజూ వంతెన మీద నిలబడి, మూతికి ఎర్రదారమున్న చేప కోసం వెతుకుతుంటాడు.