చెవులకేం లేదమ్మా

పదమూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడినప్పుడు దానికి బరువే లేదు. నోట్లోంచి ఇట్టే జారిపోయింది. ఏడాదికేడాదీ బరువెక్కుతూ వచ్చింది. మా ఆయనకి తెలియదు, తోటి టీచర్లకి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కనకే మీకు చెబుతున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు. మధ్యలో ఆపకుండా చివరిదాకా చెప్పాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

నేను బడిపంతులమ్మని. తొంభైల్లో రావులపాలెం అవతల ఒక లంక ఊళ్లో, ప్రాథమిక పాఠశాలలో పనిచేసేదాన్ని. ఐదు తరగతులకి ఇద్దరం టీచర్లం. రెండో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా ఒక జట్టు పిల్లల్ని నేనే చూశాను. అందులో దుర్గ అని ఒక పిల్ల ఉండేది. అరటితోటల్లో కూలికి వెళ్లే మంగమ్మ కూతురు. నున్నగా తల దువ్వుకుని, అందరికంటే ముందొచ్చి, చివరి వరసలో కూర్చునేది. కూర్చునేది అంటున్నాను గాని, కూర్చోబెట్టింది నేనే. డిక్టేషన్ చెబితే పక్కపిల్ల పలకలోకి చూసేది. పిలిస్తే పలికేది కాదు. ఒక్కోసారి పలికేది. ఆ ఒక్కోసారి వల్లే నాకు ఒళ్లు మండేది, కావాలనే చేస్తోందని. మూడేళ్లూ దాని ప్రోగ్రెస్ కార్డు మీద నా చేత్తో ‘శ్రద్ధ లేదు’ అని రాశాను.

ఆ ఏడు మండల విద్యాధికారి గారు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారని కబురొచ్చింది. ఇన్‌స్పెక్షన్‌కి ముందు మా బళ్లలో ఒక రిహార్సల్ ఉండేది. ఎవరు కనిపెట్టారో గాని, చుట్టుపక్కల టీచర్లందరికీ తెలిసిన విద్యే. ప్రశ్న అడగ్గానే క్లాసంతా చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. ఆఫీసరు గారికి అన్ని చేతులూ కనిపిస్తాయి, మేం కుడిచేతి వాళ్లనే లేపుతాం. పిల్లలకి అదో ఆట. దుర్గ మాత్రం ప్రతిసారీ కుడిచెయ్యే ఎత్తింది. లేపితే నోరు తెరవదు. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ బోర్డు మీద లెక్క రాస్తూనే చెప్పాను. నాలుగోసారి బెత్తం తీసుకున్నాను. అది భయపడి చెయ్యి తిప్పింది, దెబ్బ వేళ్ల కణుపుల మీద పడింది. అప్పుడు పక్కన కూర్చునే పిల్ల లేచి, మీరు ఇటు తిరిగి చెబితేనే దానికి తెలుస్తుందండి టీచర్ అని మెల్లగా చెప్పింది.

తొమ్మిదేళ్ల పిల్లకి తెలిసిన సంగతి అది. ట్రైనింగయి, జీతం తీసుకుంటున్న నాకు మూడేళ్లలో తెలియలేదు.

సాయంత్రం బడి వదిలాక బోర్డు తుడవమని దుర్గని ఉంచాను. అది తుడుస్తుంటే వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను. చప్పట్లు కొట్టాను. క్యారేజీ మూత గచ్చు మీద పడేశాను. వీధిలోకి వినపడేట్టు మోగింది. దాని చెయ్యి ఆగలేదు. తుడవడం అయ్యాక ఇటు తిరిగి, కింద పడున్న మూత చూసి, వాచిన చేత్తోనే తీసి, పరికిణీకి తుడిచి నాకు అందించింది. నవ్వింది కూడా.

ఇక్కడిదాకా నాది తెలివితక్కువతనం. దానికి ఒప్పుకోలు అక్కర్లేదు. తర్వాత చేసిందానికే కావాలి.

మర్నాడు పొద్దున్న, గంట కొట్టకముందే, మంగమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. దెబ్బ గురించి గొడవకొచ్చిందేమోననుకున్నాను. గొడవ పడ్డా బావుండేది.

“చెయ్యి వాచిందండి. దానికేం లెండి, దాని బాగు కోసమే కదండీ మీరు కొట్టేది,” అంది. “ఒక మాట అడుగుదామనొచ్చానండి. దీనికి చెవుడేమోనని పక్కింటోళ్లు అంటన్నారండి. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లి చూపించమంటారాండీ? మాకేం తెలుస్తాదండి. మీరెలాగంటే అలాగేనండి.”

“చెవులకేం లేదమ్మా,” అన్నాను. “శ్రద్ధ లేదంతే. చెయ్యి వాపు తగ్గేదాకా ఇంటిదగ్గరే ఉంచు.”

“అమ్మయ్య. అంతేనాండీ,” అంది మంగమ్మ. పిల్లని తీసుకుని సంతోషంగా వెళ్లిపోయింది.

ఎందుకన్నాను? ఆసుపత్రిలో చీటీ రాసిస్తే, మూడేళ్లు ఏం చేశావమ్మా అని ఆఫీసరు గారు నన్ను అడుగుతారు. మూడు కార్డుల మీదా నా దస్తూరీ ఉంది. పైగా ఆ వాచిన చెయ్యి ఆయన కంట పడుతుంది. ఇదంతా ఆ ఒక్క నిమిషంలో ఆలోచించుకుని అన్నానంటే నమ్మకండి. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు దాచుకోవడానికి చేతికందిన మాట వాడేశాను. సరే, అది నిమిషం సంగతి. సరిదిద్దుకోవడానికి ఆ రోజంతా ఉంది కదా? మంగమ్మ పనిచేసే తోట బడికి కూతవేటు దూరం. ఎందుకు వెళ్లలేదు?

ఇన్‌స్పెక్షన్ రోజున ఆఫీసరు గారితో పాటు ఒక చిన్న వయసు టీచరమ్మ వచ్చింది. లోపాలున్న పిల్లల్ని కూడా మామూలు బళ్లోనే, అందరితో పాటు చదివించాలనే పథకం అప్పుడప్పుడే మా మండలానికి వచ్చింది. ఆ అమ్మాయి నాకో ఫారం ఇచ్చింది. వినపడని పిల్లలుంటే వచ్చే నెల రాజమండ్రి క్యాంపుకి తామే తీసుకెళ్తామని, చెవి మిషన్లు ఇప్పిస్తామని, తర్వాత వారానికోసారి బడికొచ్చి మాటలు నేర్పుతామని చెప్పింది. ఒక్కరు కూడా లేరా అండీ అని రెండుసార్లు అడిగింది. ‘లేరు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు మా పిల్లలు చేతులు బ్రహ్మాండంగా ఎత్తారు. రిపోర్టులో మా క్లాసు గురించి మంచి మాటలు పడ్డాయి.

వాపు తగ్గి ఉంటుంది. దుర్గ మాత్రం మళ్లీ రాలేదు. మంగమ్మ దాన్ని తోటకి తీసుకుపోతోందని విన్నాను. శ్రద్ధ లేని పిల్లకి చదువెందుకనుకుంది కాబోలు. బడి మానేసిన పిల్లల్ని ఇళ్లకెళ్లి పిలుచుకురావడం మా పనే. మిగతా ఇళ్లకి వెళ్లాను. ఆ వీధిలోకి వెళ్లలేదు. రెండేళ్లకి నాకు బదిలీ అయింది.

తర్వాత మాకు శిక్షణలు మొదలయ్యాయి. వినపడని పిల్లని ముందు కూర్చోబెట్టాలి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు, మాట్లాడే మనిషి ముఖం మీద వెలుగు పడాలి. అన్నీ నేర్చుకున్నాను. అన్నీ చేశాను. ఏ లోపమున్న పిల్లనీ కాదనకుండా చేర్చుకునే టీచరని నాకు పేరొచ్చింది. ఇప్పుడు కొత్త టీచర్లకి ఆ పాఠాలు నేనే చెబుతున్నాను. ఇది పశ్చాత్తాపమా, లేక పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమా? కొన్నాళ్లు తిలాపాపం తలా పిడికెడు అని పంచి చూశాను. ఐదు తరగతులకి ఇద్దరు టీచర్లనిచ్చిన ప్రభుత్వానికి ఒక పిడికెడు, పిల్లల చెవుల గురించి ఒక్క పాఠమైనా చెప్పని ట్రైనింగు కాలేజీకి ఒక పిడికెడు. ఎంత పంచినా నా వాటా తగ్గలేదు. మంగమ్మ వచ్చి అడిగింది వాళ్లని కాదు, నన్ను.

నిరుడు రావులపాలెం బస్టాండులో మంగమ్మే నన్ను గుర్తుపట్టింది. దుర్గకి పెళ్లయిందట, పక్క ఊరే. మూడు నెలల పాప ఉందట. ఉయ్యాల్లో పాప గుక్కపట్టి ఏడుస్తున్నా పొయ్యి దగ్గర్నించి కదలదని, పొగరని అత్తగారు సాధిస్తోందట. చెవుల్లో ఏమైనా లోపముందా అని పెళ్లి మాటలప్పుడే వాళ్లు అడిగారట. అదేం లేదు, బళ్లో టీచరు గారే చూసి చెప్పారు అని వాళ్లకి మంగమ్మ నమ్మకంగా చెప్పిందట. ఆ సంగతి చెబుతూ నా వైపు గౌరవంగా చూసింది. నా బస్సొచ్చింది. ఎక్కేశాను.

ఇప్పుడు నిజం బయటపెడితే మోసం చేసి పెళ్లి చేశారంటారు, ఆ పిల్ల కాపురం చెడుతుంది అని పది నెలలు నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత మంచి సాకో చూడండి. దాని మేలు కోరి ఊరుకున్నట్టే ఉంటుంది. కాని ఆ ఇంట్లో పొయ్యికీ ఉయ్యాలకీ మధ్య ఉన్నది నా అబద్ధమే. ఇవాళ ఏడుపుతో పోయింది. రేపు ఆ పాప నడుస్తుంది, కాలవ దాకా వెళ్తుంది, పడితే తల్లికి వినపడదు. అది తోచాక ఇంక ఉండలేకపోయాను.

పోయిన ఆదివారం మంగమ్మ ఉండే ఆ లంక ఊరు వెళ్లాను. మంగమ్మ అరుగు మీద అరిటాకులు కట్టలు కడుతోంది. లేచి కుర్చీ వేసింది. కూర్చోలేదు. కూర్చుంటే మర్యాదలు మొదలవుతాయి, మర్యాదల్లో పడితే చెప్పలేను. మూత పడేసి చూడడం దగ్గర్నించి ఫారం మీద సంతకం దాకా నిలబడే చెప్పాను. తెలిసే అబద్ధమాడానని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి ఆవిడకి అర్థం కాలేదు.

చేతిలో ఉన్న కట్ట ముడి విప్పి, మళ్లీ కట్టింది.

“మీ మాట నమ్మి దాన్నెంత కొట్టానో మీకు తెలీదండి,” అంది.

దుర్గ అత్తవారింటికి నేనూ వస్తానన్నాను. మోసం మీది కాదు, నాదని వాళ్ల ముందే చెబుతానన్నాను. రాజమండ్రిలో చెవుల డాక్టరుకి బుధవారం చూపిద్దామన్నాను. ఆవిడ తల ఊపింది. వాళ్లు నన్ను ఏమన్నా పడతాను. దుర్గ ఏమంటుందో తెలియదు. దానికెదురుగా నిలబడి, నా నోరు దానికి కనపడేట్టు చెబుతాను.

చెప్పుకుంటే పాపం పోతుందంటారు. పోలేదు. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు, ఆ మటుకు ఊపిరాడుతోంది.

మంగమ్మని క్షమించమని మాత్రం అడగలేదు. మా గోదావరి మనుషుల సంగతి మీరు వినే ఉంటారు. ఇంటికొచ్చిన మనిషి చేతులు జోడిస్తే, కడుపులో ఎంత మంటున్నా, “అయ్యో, పరవాలేదండి” అనేస్తారు. ఆవిడా అనేసేది. అందుకే అడగలేదు.