చాచిన చెయ్యి

మార్కాపురంలో నేను రక్తం తీసే ల్యాబుకు హనుమంతునిపాడు నుంచి ఒక కోడలు వచ్చేది. కూర్చోగానే, అడగకముందే చెయ్యి చాపేది. ఆమెకు పీసీఓఎస్, నెలసరి గతి తప్పే అండాశయాల సమస్య. ఇన్సులిన్ ఒంట్లో సరిగా పనిచేస్తోందో లేదో కొలవాలంటే పరగడుపున రావాలి.

"ఏమన్నా తిన్నావామ్మా?" అంటే వెంట వచ్చిన అత్తే జవాబు చెప్పేది. "ఏం తినలా. గుళ్లో పానకం తాపిచ్చినా. దేవుడి ప్రసాదం తిండెట్లయితాది?"

వచ్చిన ప్రతిసారీ అంతే. "నేను వద్దన్నానక్కా" అని కోడలు గొణిగేది. బెల్లం నీళ్లు తాగాక పరగడుపు కాదని నేను వెనక్కి పంపేదాన్ని.

మొన్న ఆ అత్తే కొత్త కోడలిని వెంటబెట్టుకొచ్చింది. పాత కోడలేదని అడిగాను.

"గొడ్డుది. ఒంట్లో రోగం. పుట్టింటికి తోలినాం. ఈ పిల్లకూ నెల తప్పలా, చూడమ్మా."

డాక్టరు రాసినా వీర్య పరీక్షకు రాని కొడుకు బయట బండి మీద కూర్చున్నాడు. మొదటి కోడలు చాచిన చేతి నుంచి నేను ఒక్క చుక్క రక్తమైనా తీసింది లేదు.