లంగా జేబులో పాస్‌పోర్టు

రోమ్‌లో చూడాల్సిన చోట్లన్నీ మా కోడలు వారంగా ఫోన్‌లో చదివి వినిపిస్తోంది. పాత రాళ్ళ స్టేడియం, పెద్ద చర్చి, ఇంకేదో ఫౌంటెన్. ప్రతిదాని కిందా జేబుదొంగలతో జాగ్రత్త అని ఉంది. నాకు అదొక్కటే గుర్తుండిపోయింది. దొంగలు హైటెక్ సిటీలో మాత్రం ఉండరా అని, పొద్దున్నే లోపలి లంగాకు జేబు కుట్టి, పాస్‌పోర్టు అందులో పెట్టి, మూతి కూడా కుట్టేసి, కోడలితో అక్కడి వీసా ఆఫీసుకు వెళ్ళాను.

కౌంటర్ అమ్మాయి పాస్‌పోర్టు అడిగింది. కోడలి చెవిలో సంగతి చెప్పాను.

"ఇప్పుడా అత్తయ్యా చెప్పడం!" అని తల పట్టుకుంది.

సెక్యూరిటీ ఆవిడ నన్ను బాత్రూమ్‌కు తీసుకెళ్ళింది. నా కట్టుడు పళ్ళకు దారం తెగకపోతే ఆవిడే తాళంచెవితో తెంపింది.

"గింత గట్టిగ కుట్టినవేంది పెద్దమ్మా! దొంగ సంగతేమో గని, నీకే దొరకదు ఇగ."

తీరా ఇస్తే, కౌంటర్ అమ్మాయి దాన్ని ఒక ట్రేలో పడేసి నా చేతిలో రసీదు పెట్టింది. వీసా వచ్చేదాకా పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంటుందట!

రోమ్ చూసొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి, మీ పాస్‌పోర్టు ఎక్కడ దాచుకున్నారు? రసీదు మాత్రం అదే జేబులో ఉంది. ఈసారి కుట్టలేదు లెండి, పిన్నీసు పెట్టాను.