రాగి మందు, స్టీలు బేరం

జగ్గయ్యపేట బజార్లో మా నాన్నకు రాగి, ఇత్తడి సామాన్ల కొట్టుండేది. అరవైల మొదట్లో నేను వాల్తేరులో రసాయనశాస్త్రంలో పరిశోధనకు చేరాను. సరిగ్గా అప్పుడే నందిగామలో ఒకాయన స్టీలు గిన్నెల కొట్టు తెరిచాడు. పెళ్లి సామాన్లకు తాతల కాలం నుంచి మా దగ్గరికే వచ్చే పెనుగంచిప్రోలు వాళ్లు కూడా నందిగామ దారి పట్టారు. స్టీలుకు చిలుము పట్టదు, చింతపండేసి తోమక్కర్లేదు, పైగా అందులో మొహం చూసుకోవచ్చు. తాత పెట్టిన కొట్టు తన చేతుల్లో మూతపడితే బజార్లో తలెత్తుకోలేనని నాన్న అమ్మ దగ్గర బెంగపడేవాడు.

నా పరిశోధన రాగి మీదే. రాగి పరమాణువును పీత డెక్కలతో పట్టుకున్నట్టు ఒక సేంద్రియ పదార్థం పట్టుకునేలా చేస్తే వచ్చేదాన్ని సంశ్లిష్టం అంటాం. అలాంటివి తయారుచేసి, రోగక్రిములను చంపుతాయేమో చూడాలి. ఏనాటికైనా వాటిలో ఒకటి మందవుతుందని మా గురువుగారి ఆశ. నాకు డిగ్రీ వస్తే చాలు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఇదంతా నాన్నకు ఓపిగ్గా వివరించాను. ఆయన అంతా విని, తనకు పనికొచ్చే రెండు మాటలు ఏరుకున్నాడు: రాగి, మందు.

మర్నాటి నుంచి నేను గల్లాపెట్టె పక్కన కూర్చోవాల్సి వచ్చింది.

"చూడండి బాబాయిగారూ, మావాడు వాల్తేర్లో దీని మీదే చదువుతున్నాడు. రాగంటే మందండీ! స్టీల్లో ఏవుంది, మెరుపు తప్ప?"

బేరానికొచ్చిన బాబాయిగారు నా వంక చూసేవారు. మా సంశ్లిష్టాలు గాజుపళ్లెంలో క్రిములనూ చంపుతున్నాయి, బోనులో ఎలుకలనూ చంపుతున్నాయి. కొట్టు మొహం చూసి నేను సగం నిజానికే తలూపేవాణ్ణి. బేరాలు కాస్త పుంజుకున్నాయి.

అక్కడితో ఆగితే ఆయన మా నాన్నెందుకవుతాడు? రాగి గిన్నెలో వండాలంటే లోపల తగరంతో కళాయి పూయిస్తారు. లేకపోతే పులుపు తగిలి చిలుము కడుపులోకి పోతుంది. పుట్టినప్పటి నుంచీ రాగి అమ్ముకుంటున్న మనిషికి ఇది తెలియక కాదు. కానీ కొడుకు చదువు మీద నమ్మకం తెలివిని మించిపోయింది.

"మందుకీ మనకీ మధ్యన తగరం ఎందుకురా?" అన్నాడు.

"అది కాదు నాన్నా, కానీ..."

"కానీలూ గీనీలూ వద్దు. మందన్నావా లేదా?"

అమ్మ కాచిన ముక్కల పులుసును పొద్దున్నే కళాయి లేని రాగి గిన్నెలో పోయించి, మందు బాగా దిగాలని మధ్యాహ్నం దాకా ఉంచాడు. నేను ఆ గిన్నె లాక్కోబోతే చెయ్యి విదిలించుకున్నాడు. కొట్లో పదిమంది చూస్తుండగా అన్నంలో కలుపుకుని లొట్టలేస్తూ తిన్నాడు. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. వాంతికీ వాంతికీ మధ్య, "పని చేస్తోందిరా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎలుకలు ఎలా పోయాయో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

డాక్టరుగారి చలవ వల్ల బతికి బయటపడ్డాడు. మంచం మీదే అడిగాడు.

"సూటిగా చెప్పు. రాగి మందా, కాదా?"

"ఇంకా తెలీదు నాన్నా. క్రిముల్ని చంపేది మనిషినీ చంపొచ్చు. అది తేల్చడానికే ఈ చదువు."

"ఎప్పటికి తేలుద్ది?"

"నా జన్మలో తేలకపోవచ్చు."

"కొట్టు అందాకా ఆగదురా," అన్నాడు.

మళ్లీ సెలవులకు వచ్చేసరికి కొట్లో ముందు వరసంతా స్టీలే. రాగి బిందెలు వెనక గదిలోకి పోయాయి. కూతురి పెళ్లికి సామాన్లు కొనడానికి ముక్త్యాల నుంచి వచ్చిన ఒకావిడ, స్టీలు ఆరోగ్యానికి మంచిదేనా అని అడిగింది.

"భేషుగ్గా కొనండమ్మా," అన్నాడు నాన్న. "మావాడు వాల్తేర్లో ఏళ్ల తరబడి పరిశోధన చేసి తేల్చాడు. రాగి కంటే స్టీలే మంచిదంట."

నేనలా తేల్చలేదు. అయినా నా పరిశోధనలో లోకానికి అక్కరకొచ్చిన ఫలితం అదొక్కటే. ఆవిడ రెండు బస్తాల సామాను కొనుక్కుని వెళ్లింది. నాన్న మాత్రం ఆ పూట అన్నానికి లేవలేదు.