ఆగని ఫ్యాన్

సౌదీలో యాన్బు నుంచి రాబిగ్ వెళ్లే దారిలో, పైప్‌లైన్ పనివాళ్ల క్యాంపు గేటు ముందు నన్ను దించేటప్పటికి మిట్టమధ్యాహ్నం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇసుక. ఉప్పుగాలి వేడిగా ముఖానికి కొట్టింది. భుజాన సైన్యంనాటి సంచీ. అందులో నా స్పానర్లు, ఒక మల్టీమీటర్.

సైన్యంలో నేను వాహనాల మెకానిక్‌ని. రిటైరయ్యాక కాంట్రాక్టు మీద ఇక్కడికొచ్చాను. మా కడపలో దీన్ని ఉద్యోగం అనేవారు. నాకు ఇదీ ఒక పోస్టింగే. కాకపోతే బ్యారక్‌లో పక్క మంచం మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. ఇక్కడ నాకొక్కడికే ఒక గది. మొదటి వారం ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినలేదు.

తర్వాత రేడియోలో క్యాంప్ బాస్ ఆర్డర్ వచ్చింది. ఈజిప్టు మనిషి, హిందీ ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు.

“అంబులెన్స్ దేఖో. ఫ్యాన్ బంద్ నహీ హోతా.”

అంబులెన్స్ అంటే వెనక స్ట్రెచర్ బిగించిన పాత వ్యాను. క్యాంపుకంతా అదొక్కటే. ఇంజిన్ ఆపి తాళం చెవి తీసినా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. సాయంత్రం బ్యాటరీ తీగ పీకి, పొద్దున తగిలించాలి. మరచిపోతే బ్యాటరీ చచ్చిపోతుంది. అప్పటికి రెండుసార్లు అలా జరిగింది.

డ్రైవర్‌ది రాయచోటి. మనవాడు దొరికాడని సంబరపడ్డాను. అతను ముక్తసరిగా జవాబిచ్చి, షెడ్డు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం ఫ్యాన్‌కు కరెంటు కలిపి తెంచే రిలే మీద. లోపల కాంటాక్టులు అతుక్కుపోతే ఫ్యాన్ ఆగదు. పీకేశాను. ఫ్యాన్ ఆగలేదు. అంటే కరెంటు వేరే దారిలో వస్తోంది. మోటారు దగ్గర మొదలుపెట్టి తీగల వెంట వేలు జరుపుకుంటూ వచ్చాను. కట్ట అడుగున ఒక ఎర్ర తీగ దొరికింది. బ్యాటరీ నుంచి నేరుగా మోటారుకు, ఫ్యూజుతో సహా, శుభ్రంగా టేపు చుట్టి ఉంది. ఇది చెడిపోవడం కాదు. ఎవరో శ్రద్ధగా చేసిన పని.

తలెత్తి డ్రైవర్‌ని చూశాను.

“నేనే కట్టినానన్నా,” అన్నాడు. “దాన్ని తీయొద్దు.”

కిందటి ఎండాకాలం ఒక వెల్డర్ ఎండదెబ్బకు పడిపోయాడట. స్ట్రెచర్ మీద వేసుకుని ఇతనొక్కడే యాన్బు ఆసుపత్రికి బయలుదేరాడు. సగం దారిలో ఇంజిన్ ఉడికి బండి ఆగింది. ఫ్యాన్ తిరగడం లేదు. అక్కడ ఫోన్ పలకదు, రేడియో అందదు.

“క్యాన్లో ఉండే నీళ్లన్నీ రేడియేటర్లో పోసినా. బండి కదిల్తే బతుకుతాడనుకున్యా. ఎనకనించి నీళ్లడుగుతానే ఉండాడన్నా.”

బండి కదిలిందా అని అడిగాను.

“కదిలింది. ఆసుపత్రి గేటు కాడ సూస్తే, అడగడం మానేసినాడు.”

ఈ సంగతి అతను ఇంట్లో కూడా చెప్పలేదట. సైన్యంలో ఇలాంటివి విన్నాను.  నాకు తెలిసింది పనే. రేడియేటర్ కింద, నీళ్లు వేడెక్కగానే ఫ్యాన్‌ను వేసే స్విచ్ ఉంటుంది. దాని ప్లగ్ విప్పి చూపించాను. ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుము పట్టాయి. ఆ రోజు ఫ్యాన్ తిరగకపోవడానికి కారణం అదే.

యాన్బు నుంచి కొత్త స్విచ్, ప్లగ్, రిలే తెప్పించి బిగించాను. కటింగ్ ప్లయర్ అతని చేతికిచ్చాను. బ్యాటరీ చచ్చిపోతే రేపు ఇంకొకడికి బండి కదలనే కదలదు అన్నాను. తనే వంగి తీగ కోశాడు.

నడి ఎండలో ఇంజిన్ వేసి వదిలాం. వేడి చూపే ముల్లు లేస్తుంటే అతను నా చొక్కా పట్టుకున్నాడు. ఫ్యాన్ తిరిగింది. ముల్లు దిగింది. ఫ్యాన్ ఆగింది.

“మల్లా ఒకతూరి,” అన్నాడు. పొద్దు వాలేదాకా అలా చూస్తూనే ఉన్నాం.

ఆ ఎండాకాలం అదే బండిలో ఇద్దర్ని ఆసుపత్రికి చేర్చాడు. ఇద్దరూ తిరిగి పనిలోకొచ్చారు. అతను మాత్రం మెస్సులో ఎప్పట్లాగే గోడ వైపు తిరిగి తినేవాడు. కొన్నాళ్లకు నేను వెళ్లి పక్కన కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

కాంట్రాక్టు ముగిసి, ఇంటికి పోవడానికి ఎగ్జిట్ వీసా పడింది. యాన్బు విమానాశ్రయానికి అతనే తీసుకెళ్లాడు. ఇప్పుడు కడపలో షెడ్డు పెట్టుకున్నాను. సౌదీ ఎలా ఉంటుందని కుర్రాళ్లు అడుగుతారు. జీతం గురించి, ఎండ గురించి చెబుతాను.

నాకు కనబడేది వేరు. ఆ చివరి ప్రయాణంలో, సగం దారిలో, అతను బండి ఆపి దిగాడు. ఎక్కడ ఆగామో అర్థమై నేను దిగలేదు. మూత తీసిన నీళ్ల సీసా పట్టుకుని ఇసుక వైపు తిరిగి నిలబడ్డాడు. తాగలేదు. కింద పోయలేదు.