నాలుగో దూలం

ఆ ఇల్లు ఇంగ్లండ్‌లో పుట్టింది. వందేళ్ళ కిందట అక్కడ దాన్ని కూల్చేస్తుంటే ఇక్కడి అమెరికన్ ధనవంతుడొకాయన కొని, రాయిరాయికీ నంబరు వేయించి, ఓడలో తెప్పించి మళ్ళీ కట్టించుకున్నాడు. క్యారీ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్. ఇప్పుడది రక్షిత కట్టడం. సంరక్షణ కమిటీ అనుమతి లేకుండా గోడకి మేకు కొట్టడానికి కూడా లేదు.

నేను విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివి, పాత కట్టడాల సంరక్షణలో మాస్టర్స్ చేయడానికి ఇక్కడికొచ్చాను. తర్వాత ఒక చిన్న ఆఫీస్‌లో ఉద్యోగం దొరికింది. పాత ఇళ్ళని కొలిచి డ్రాయింగులు గీయడం నా పని. ఈ ఇంటికి ఆరు వారాలు పట్టింది. కిటికీలకి రాతి కమ్ములు, వాటి మధ్య సీసంతో అతికించిన చిన్నచిన్న గాజు పలకలు. అతిథులకి వెడల్పాటి మెట్లు, వాటి వెనకే పనివాళ్ళకి ఒక మనిషి పట్టేంత ఇరుకు మెట్లు. పై అంతస్తులో ఇంటి పొడవునా ఒకటే గది. వాన పడే రోజుల్లో ఇంటివాళ్ళు అందులో అటూ ఇటూ నడిచేవాళ్ళట. దాని సీలింగంతా సున్నంతో చేసిన తీగలూ పువ్వులూ. అడ్డంగా నాలుగు ఓక్ దూలాలు.

ఆ ఇంటి కొయ్యపని ముప్ఫై ఏళ్ళుగా ఒక్కాయనే చూస్తున్నాడు. డెబ్బైకి దగ్గర పడ్డ అమెరికన్ వడ్రంగి. మొదటిరోజు నా లేజర్ స్కానర్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది పైపైనే చూస్తుందమ్మాయ్. లోపలి సంగతి తెలియాలంటే కొట్టి వినాలి" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని తలుపు చట్రం మీద వేలి కణుపులతో కొట్టించాడు. గట్టి కొయ్య ఎలా పలుకుతుందో, పుచ్చిన కొయ్య ఎలా పలుకుతుందో చూపించాడు. మధ్యాహ్నం నా పులిహోర సగం తినేసి, కారంగా ఉందని కళ్ళు తుడుచుకునేవాడు. మర్నాడు మళ్ళీ అడిగేవాడు.

మొదటి మూడు దూలాల్నీ అటకెక్కి చూశాను, కొట్టి విన్నాను. నాలుగోదాని వైపు చలి ఆపడానికి పరిచిన పాత ఇన్సులేషన్ మోకాలి లోతున పేరుకుపోయి ఉంది. దాన్ని తియ్యాలంటే మాస్క్, అనుమతి, ఇంకో రోజు కావాలి. అది ఆఖరి రోజు. సాయంత్రానికి రోడ్లు మంచు కట్టేస్తాయని ఫోన్‌లో హెచ్చరికలు వస్తున్నాయి. కింద నుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉన్నాయి. నాలుగోదాన్ని కూడా గట్టి ఓక్ అని గీసేసి ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిపోయాను.

ఫిబ్రవరిలో ఆ చివర సీలింగ్‌కి తడి మరక కనిపించింది. ఆఫీస్ నన్ను పంపింది. వడ్రంగి నా డ్రాయింగ్ మడిచి జేబులో పెట్టుకుని అటకెక్కాడు. అక్కడ నేల లేదు, దూలాల మీదే నడవాలి. మధ్యలో ఉన్న సున్నప్పొర మనిషి బరువు ఆపదు. నేను కింద గదిలో మరక వైపు చూస్తూ ఫోన్‌లో దారి చెప్తున్నాను.

"ఇంకొంచెం ఎడమకి."

"నాలుగోదాని మీదికొస్తున్నా. గట్టిదేగా?"

"గట్టిదే," అన్నాను.

కొయ్య విరిగిన చప్పుడు ముందు ఫోన్‌లో వినిపించింది. ఆ వెంటనే సీలింగ్ తెరుచుకుని, సున్నంతో సహా ఆయన నా కళ్ళముందే వెల్లకిలా పడ్డాడు. దుమ్ము తగ్గేసరికి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. "కాళ్ళు తెలియట్లేదు," అన్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయన మొహం మీది సున్నం తుడుద్దామంటే కదిలించకూడదేమోనని భయం.

నాలుగోది దూలమే కాదు. ఇక్కడ తిరిగి కట్టినప్పుడు ఒకటి తక్కువైనట్టుంది. చెక్క పలకలతో పెట్టెలా చేసి, ఓక్ రంగు పూసి, వరసలో పెట్టేశారు.

మా బాస్ ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "డ్రాయింగ్ చివర నోట్ ఉంది కదా, కనపడని భాగాలకి మా బాధ్యత లేదని. అది చాలు. నువ్వెవరితోనూ మాట్లాడకు."

మా ఆయన కూడా అదే అన్నాడు. "లాయర్‌ని అడగకుండా హాస్పిటల్‌కి వెళ్ళకు. నీ హెచ్‌వన్ వీసా ఆఫీస్ వాళ్ళ చేతిలో ఉంది."

"ఆయన అడిగాడు. నేను గట్టిదే అన్నాను."

"తెలీక అన్నావ్."

"తెలీదని తెలుసు నాకు," అన్నాను. మా ఆయన లేచి కారు తాళాలు తెచ్చి నా ముందు పెట్టాడు.

వెన్ను విరిగిన మనిషి హాస్పిటల్ మంచంలో సగమైపోయి ఉన్నాడు. నాలుగోది ఉత్త పెట్టె అనీ, నేను చూడకుండా గీశాననీ చెప్పేశాను. ఏడవకూడదనుకుని వెళ్ళాను గాని వల్ల కాలేదు.

"ఆ పెట్టె పలకలకి మేకులెలాంటివి?" అనడిగాడు.

"గుండ్రటి తీగ మేకులు."

"ఇంగ్లండ్‌లో కొట్టిన పాత మేకులు నలుపలకలుగా ఉంటాయి. అయితే ఇది ఇక్కడివాళ్ళే చేశారు," అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు దాని కింద తిరిగాను. నేనూ ఒక్కసారి కొట్టి చూడలేదు." నన్ను ఏమీ అనలేదు. పోనీలే అని కూడా అనలేదు.

మూడో వారంలో ఊపిరితిత్తులకి నిమ్ము చేసి ఆయన చనిపోయాడు.

విచారణకి వచ్చిన అధికారికి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు ఫలానావాళ్ళదని రిపోర్ట్‌లో రాయలేదు, పనిచేసే పద్ధతులు మార్చాలని మాత్రం రాశారు. రెండు నెలలకి ప్రాజెక్టులు లేవని ఆఫీస్ నన్ను తీసేసింది. మా ఆయన వీసా మీద డిపెండెంట్‌గా మారి, పనిచేసే వీల్లేక ఇంట్లో కూర్చున్నాను.

అంతకుముందు, అంత్యక్రియలైన నెలకి వడ్రంగి భార్యని చూడ్డానికి వెళ్ళాను. లోపలికి రమ్మని టీ ఇచ్చింది. ఆయన ఉలులు, రంపాలు బల్లమీద వరసగా పెట్టి ఉన్నాయి, ఎవరో కొనడానికి వస్తున్నారట. "నువ్వు చెప్పిందంతా నాకు చెప్పాడు," అంది. "వచ్చి చెప్పావు, అది మంచి పనే. కానీ ఇంక రాకమ్మా. నిన్ను చూస్తే నాకు నిద్ర పట్టదు."

సరేనండీ అని లేచాను. ఆమె గుమ్మం దాకా వచ్చి, నేను కారు తీసేదాకా అక్కడే నిలబడింది. మళ్ళీ వెళ్ళలేదు. వేసవిలో ఆ ఇల్లు మళ్ళీ తెరిచారని, పై గదిలో పెళ్ళిళ్ళకి బుకింగ్‌లు తీసుకుంటున్నారని తెలిసింది.