అమ్మ చెప్పిన మేడకు ఇంటిపన్ను

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఆ వెయ్యింటి మీదా ఇంటిపన్ను పడుతుందని మాత్రం ఏ పెద్దా చెప్పలేదు. చెప్పి ఉంటే మా అమ్మ నోరు కాస్త అదుపులో పెట్టుకునేదేమో. లేదులెండి, పెట్టుకునేది కాదు. ఆవిడ సంగతి నాకు తెలుసు.

మా పుట్టిల్లు బెంగాలీల మహానగరంలో, రేవు పక్కన ఖిదిర్‌పూర్‌లో. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, రేవులో బస్తాలు మోసి, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక గోడ కట్టాడు. అందుకే ఆ ఇంట్లో ఏ గోడకూ పక్క గోడతో పొత్తు కుదరదు. కింద రెండు గదులు, పైన ఒక రేకుల గది. వాన పడితే ఆ గదిలో తిట్టుకున్నా ఎవరికీ వినపడదు. నాన్న పోయాక ఇల్లు అమ్మ పేరు మీదికి వచ్చింది. నేను పెళ్లయి భవానీపూర్ వెళ్లిపోయాను. అమ్మా, మా తమ్ముడూ మిగిలారు. తమ్ముడు మంచివాడే, ఉద్యోగమూ ఉంది. అయినా వచ్చిన ప్రతి సంబంధమూ ఆ ఇల్లు చూసి వెనక్కి పోయేది. వాడి జుట్టు పల్చబడే కొద్దీ అమ్మకు బెంగ ఎక్కువైంది.

మా రేవు తెలుగువాళ్లలో ఒక వింత పద్ధతి ఉంది. సంబంధం అనుకున్నాక, పెళ్లిచూపులకు ముందే, ఇటువాళ్లు అటూ అటువాళ్లు ఇటూ ఒక మనిషిని పంపుతారు. ఆ మనిషి తానెవరో చెప్పడు. గది అద్దెకుందా అనో, మీటరు చూస్తాననో వస్తాడు. ఇంటివాళ్లు కూడా ఏమీ ఎరగనట్టే మంచినీళ్లిచ్చి, ఇల్లంతా తిప్పి, గొప్పలు చెబుతారు. నాటకమని అందరికీ తెలుసు, ఎవరూ బయటపడరు. నా పెళ్లికి ముందు వచ్చినవాడు పాత పేపర్లు కొంటానన్నాడు. అమ్మ వాడికి పేపర్లు ఇవ్వలేదు, బూరెలు పెట్టింది.

ఆ ఏడు ఏక్‌బాల్‌పూర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల నర్సు. తండ్రి రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. తెలిసినవాళ్ల ఇంట్లో బారసాలకు కలిసినప్పుడు ఆయన తన ఇంట్లో పాలరాయి పరిపించానన్నాడు. మా అమ్మ మాకు మేడ ఉందంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని నాకు అప్పుడే అనుమానం వేసింది. ఇక వాళ్ల మనిషి ఇల్లు చూడటానికి ఎప్పుడొస్తాడా అని అమ్మ రోజూ గుమ్మం కడిగి ఎదురుచూసింది.

వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో టేపు, చంకలో సంచి. పైగా తెలుగువాడు.

"అమ్మా, నేను కార్పొరేషన్ నుంచి వచ్చాను. ఇంటిపన్ను కొత్తగా లెక్క కడుతున్నాం. ఇల్లు కొలవాలి" అన్నాడు.

అమ్మ మురిసిపోయింది. "అలాగే బాబూ, అలాగే. కొలుసుకో, కొలుసుకో" అని నవ్వింది. తర్వాత నాకు ఫోన్ చేసి, "కార్డు కూడా సేయించుకుని వొచ్చినాడే! ఎంత పద్దతైన సమ్మంధమో" అంది.

పాపం అతను అడగవలసినవే అడిగాడు.

"పైన ఏముందమ్మా?"

"మేడ బాబూ."

"ఇల్లు ఎప్పుడు కట్టారు?"

"నిన్న గాక మొన్న. సున్నం తడైనా ఆరనేదు."

"అద్దెకు ఎవరైనా ఉన్నారా?"

"ఉండకేటి? ఎనక గదిలో ఉన్నారు. నెల తిరిగేసరికి అద్దె సేతిలో ఎడతారు."

వెనక గదిలో ఉన్నది పక్కింటివాళ్ల పాడైన ఫ్రిజ్. అది ఎన్నడూ ఎవరి చేతిలోనూ ఏమీ పెట్టలేదు.

"మరి ముందున్న ఇస్త్రీ బల్ల?"

"అది మా షాపు."

ఆ షాపు ఓనరు బిహార్ నుంచి వచ్చిన ముసలాయన. అరుగు మీద చోటిచ్చినందుకు మా తమ్ముడి చొక్కాలు ఊరికే ఇస్త్రీ చేస్తాడు. కార్డు మనిషి అన్నీ రాసుకున్నాడు, బూరెలు తిన్నాడు, త్వరలో నోటీసు వస్తుందని చెప్పాడు. "మంచి కబురే పంపు బాబూ" అని అమ్మ వీధి చివరిదాకా సాగనంపింది.

నోటీసు వచ్చాక నన్ను పిలిచారు. చదివి నెత్తి కొట్టుకున్నాను. వచ్చినవాడు నిజంగానే కార్పొరేషన్ మనిషి. ఇల్లు పాతదైతే పన్ను తగ్గుతుంది. సొంతవాళ్లే ఉంటే తగ్గుతుంది. పైన రేకైతే తగ్గుతుంది. అద్దెకుంటే పెరుగుతుంది, దుకాణముంటే ఇంకా పెరుగుతుంది. మా అమ్మ ఒక్క తగ్గింపును కూడా బతకనివ్వలేదు.

"హియరింగ్‌కి వెళ్లి ఇల్లు పాతదనీ, కారుతోందనీ చెప్పాలి" అన్నాను.

"సచ్చినా సెప్పను. ఆళ్లకి తెలిస్తే ఏటవుద్ది? ఈ సమ్మంధం కూడా పోతే గుంటడికి ఇంకెప్పుడు పెళ్లవుద్ది?"

"ఆఫీసులో మాట ఏక్‌బాల్‌పూర్‌కి ఎవరు మోసుకెళ్తారే?"

"గోడలకి సెవులుంటాయి."

"మన గోడలకి బీటలే ఉన్నాయి" అన్నాను. నాకు కోపం వస్తే నోరు ఊరుకోదు. అమ్మ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. కానీ ఆ పన్ను తమ్ముడి జీతంలోంచే పోవాలి కాబట్టి చివరికి బయల్దేరింది.

ఆఫీసు వసారాలో బెంచీ మీద ఒకాయన, పైన కప్పు ఉండగానే, గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఫ్యాన్ గాలికి గొడుగు పక్కకు తిరిగింది. పిల్ల తండ్రి!

"అన్నయ్యా, ఇలగొచ్చినారేటి?" అంది అమ్మ నీరసంగా.

"తెలిసినోడి పనుంటేనూ. మీరో సెల్లమ్మా?"

"నానూ అంతే. తెలిసినావిడ."

ఇద్దరూ ఒకే బెంచీ మీద ఆ తెలిసినవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. అంతలో చప్రాసీ వచ్చి ఆయన పేరు పెట్టి, ఇంటి ఓనరువి నువ్వేనా దాదా అని బెంగాలీలో కేకేశాడు. ఆయన గొడుగు మూసి, తలొంచుకుని లోపలికి వెళ్లాడు. అది సగం తలుపుల గది. లోపలి మాట బయటికి శుభ్రంగా వినిపిస్తుంది. ఆయన బెంగాలీ, హిందీ, ఏడుపు కలిపి మొదలుపెట్టాడు. అది ఇల్లు కాదట. గాలి గట్టిగా వీస్తే వాళ్లావిడ గోడ పట్టుకుని నిలబడుతుందట, గోడ పడిపోకుండా.

మరి మా మనిషికి పాలరాయి అని ఎందుకు చెప్పావు దాదా, అన్నాడు ఆఫీసరు.

అది పెళ్లికొడుకువాళ్లు పంపిన మనిషనుకున్నాను సార్, అన్నాడాయన.

అమ్మను ఎవరూ పిలవలేదు. అయినా తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. "మా మనిషా? మీ మనిషని నాను బూరెలెట్టినాను!"

"మా ఇంట్లో సున్నుండలు తిన్నాడు, తెలుసా!"

ఆ తర్వాత నేను చూసింది జన్మలో మరిచిపోను. ఇద్దరూ ఆఫీసరు బల్లకు చెరోవైపు నిలబడి ఎవరి ఇల్లు ఎక్కువ పాడో పోటీపడ్డారు. మా ఇంట్లో ఎలకలు కూడా నిలవవు అన్నాడాయన. ఎందుకు నిలుస్తాయి, అవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి అంది అమ్మ. ఆఫీసరు టీ చల్లారిపోయింది. రెండు ఇళ్లూ మళ్లీ చూసి రమ్మని, ఆ బూరెలు తిన్న ఇనస్పెక్టరుకే రాసి, మమ్మల్ని బయటికి పంపించాడు. మెట్ల మీద ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. ఇంక దాచడానికేమీ మిగల్లేదు కదా, వచ్చే ఆదివారం భోజనానికి రమ్మని అమ్మ అక్కడే పిలిచింది.

వాళ్లు భోజనానికి వచ్చిన రోజే ఇనస్పెక్టరు కూడా వచ్చాడు. సెలవు రోజు కదా బాబూ అంటే, పని మిగిలిపోయిందమ్మా అన్నాడు. బూరెల మీద ఆశ కూడా అయి ఉంటుంది. పిల్ల తండ్రి చేయి కడుక్కుని, మా వైపు వకాల్తా పుచ్చుకుని, ఇల్లంతా తనే తిప్పాడు.

"ఈ బీట సూసినారా బాబూ? ఏలు దూరతంది. ఈ గోడ సూడండి, ఎలగ వొంగిపోనాదో!"

నాన్న కట్టిన గోడను ఆయన అలా వేలితో పొడుస్తుంటే అమ్మ పళ్లు బిగబట్టి తలూపుతూ వెనకాలే నడిచింది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అందరం మెట్లెక్కి రేకుల గదిలోకి వెళ్లాం.

"ఇది మేడ కాదు బాబూ. ఇందులో కోళ్లు కూడా కాపరం సెయ్యవు" అన్నాడాయన.

"అంటే ఎవరూ ఉండరన్నమాట. ఖాళీ అని రాసేయనా?" అని ఇనస్పెక్టరు కలం తీశాడు.

పిల్ల తండ్రి అప్పుడు గది నాలుగు వైపులా చూశాడు. గదిలో కొత్త మంచం ఉంది. ఒక గోడకు మా తమ్ముడు తనే రంగు వేసుకున్నాడు, ఇంకా వాసన పోలేదు. ఆ కాపురం ఎవరిదో ఆయనకు అప్పుడు తట్టింది. తలెత్తి రేకు చిల్లులోంచి పడుతున్న ఎండ వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన మొహం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"ఖాళీ అని రాయకు బాబూ. నా కోడలుంటాది" అంది అమ్మ.

"సరేనమ్మా. రేకుల గది అని..."

"రేకు కాదు. ఆ పిల్ల అడుగెట్టేలోపు స్లాబు ఏయిస్తాను. మేడనే రాసుకో."

"ఉన్నదే రాయాలమ్మా. వేయించాక చెప్పండి."

"పన్ను పెరిగిపోద్ది సెల్లమ్మా" అన్నాడు పిల్ల తండ్రి.

"పెరగనీ అన్నయ్యా."

పెళ్లికి ముందే స్లాబు పడింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్లి, రేకు తీసేశాం, ఇప్పుడు మేడ ఉందని తనే చెప్పి వచ్చింది. ఆ ఇంటి గురించి ఆవిడ నోట నేను విన్న మొదటి నిజం అదే. పెళ్లయ్యాక ఇనస్పెక్టరు టేపు పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి తలుపు తీసి మంచినీళ్లిచ్చింది మా మరదలు.

"పైన ఏముందమ్మా?" అన్నాడతను అలవాటుగా.

"మా గది" అంది.